కట్టడమూ కరిగించడమూ: జీవకణంలో స్ఫింగోలిపిడ్లు



యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవడానికి కూడిన సభలో స్ఫింగోలిపిడ్ల గురించి మాట్లాడతానంటే, వాటికీ ఆయనకూ ఏమిటి సంబంధమని కొందరైనా అనుకుని ఉంటారు. సుబ్బారావుగారనగానే మనకు ఏటీపీ గుర్తొస్తుంది, ఫోలిక్ ఆమ్లం గుర్తొస్తుంది, ఆరియోమైసిన్ గుర్తొస్తుంది. కొవ్వుల శాస్త్రంతో ఆయన పేరు కలిపి చెప్పేవారు తక్కువ. కానీ ఈ శాస్త్రంలో పనిచేసేవాళ్లు రోజూ చేసే ఒక కొలత ఆయన చేతిమీదుగా వచ్చిందే. ముందు దాన్ని దగ్గరగా చూపించి, తర్వాత విషయంలోకి వస్తాను.

ఎర్ర రక్తకణాలో, మెదడు ముక్కో తీసుకుని క్లోరోఫామ్, మిథనాల్ మిశ్రమంలో బాగా కలిపితే కొవ్వులన్నీ అందులోకి దిగుతాయి. కాసిని నీళ్లు చేర్చి కదపకుండా ఉంచితే ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. కొవ్వులు అడుగునున్న క్లోరోఫామ్ పొరలో ఉంటాయి. దాన్ని ఆరబెట్టి, మిగిలినదాన్ని సిలికా పూసిన గాజు పలక మీద చుక్కగా పెట్టి, ద్రావణిని పైకి పాకనిస్తే ఒక్కో కొవ్వు ఒక్కో ఎత్తున ఆగిపోతుంది. అయోడిన్ ఆవిరి తగలగానే మచ్చలు కనబడతాయి. స్ఫింగోమైలిన్ మచ్చ కింది భాగంలో ఉంటుంది. దాన్ని బ్లేడుతో గీకి, పరీక్షనాళికలో పెర్‌క్లోరిక్ ఆమ్లం పోసి ద్రవం తేటపడేదాకా కాచి, అమ్మోనియం మాలిబ్డేట్ చేర్చి, దాన్ని క్షయకరించే ద్రావణం కలిపి వేడి చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్టు. స్ఫింగోమైలిన్ అణువులో ఫాస్ఫరస్ పరమాణువు ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఆ నీలాన్ని కొలిస్తే అణువులను లెక్కపెట్టినట్టే. ఈ రంగు పద్ధతిని సైరస్ ఫిస్కే, సుబ్బారావుగారు కలిసి హార్వర్డ్‌లో ఉండగా 1925లో ప్రచురించారు. 1959లో బార్ట్‌లెట్ దాన్ని కొవ్వుల కొలతకు అనువుగా మలిచారు. ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చిన తర్వాత కూడా, తమ నమూనాలో మొత్తం ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో తేల్చుకోవడానికి ఆ నీలం రంగునే నమ్ముకునే ప్రయోగశాలలు ఎన్నో ఉన్నాయి.

ఈ రోజు నా వాదన కూడా కొలత చుట్టూనే తిరుగుతుంది. స్ఫింగోలిపిడ్లలో మంచివి, చెడ్డవి అంటూ వేరే లేవు. ఏది ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఎంతకాలం ఉంది అన్నదాన్ని బట్టే ఆరోగ్యమూ జబ్బూ నిర్ణయమవుతాయి. కణం వీటిని నిత్యం కడుతుంది, నిత్యం కరిగిస్తుంది. ఈ రెండు పనుల్లో ఏది తప్పినా మనిషి నిలవలేడు.

ఈ కొవ్వులను మొదట వేరు చేసినవారు యోహాన్ లుడ్విగ్ విల్‌హెల్మ్ తుడికుమ్. 1829లో జర్మనీలో పుట్టి, గీసెన్‌లో లీబిగ్ దగ్గర రసాయనశాస్త్రం నేర్చుకుని, లండన్‌లో వైద్యుడిగా స్థిరపడ్డారు. ఆ రోజుల్లో పేరున్న రసాయనవేత్తలు మెదడులో ‘ప్రోటగాన్’ అనే ఒకే ఒక్క మహాపదార్థం ఉందని నమ్మేవారు. తుడికుమ్ మెదడు కణజాలాన్ని ఓపిగ్గా ఆల్కహాల్‌తో, ఈథర్‌తో కడిగి, స్ఫటికాలుగా విడదీసి, ప్రోటగాన్ అనేది ఒక పదార్థం కానే కాదు, చాలా కొవ్వుల కలగాపులగమని చూపించారు. 1884లో మెదడు రసాయనం మీద ఆయన ప్రచురించిన గ్రంథంలో స్ఫింగోమైలిన్ ఉంది, సెరెబ్రోసైడ్లు ఉన్నాయి. వాటికి వెన్నెముకగా ఉండే క్షారపదార్థం అంతుపట్టకపోవడంతో గ్రీకు పురాణంలో పొడుపుకథలు వేసే స్ఫింక్స్ పేరును దానికి పెట్టారు. సమకాలికులు ఆయన్ను ఎగతాళి చేశారు. 1901లో ఆయన పోయేనాటికి ఆయన మాట నెగ్గలేదు. చెప్పింది నిజమని లోకం ఒప్పుకోవడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఒక మనిషి జీవితాంతం సరిగా చేసిన పని ఆయన బతికుండగా గుర్తింపుకు నోచుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ క్షారపదార్థం స్ఫింగోసిన్ నిర్మాణాన్ని ఇలినాయ్‌లో హెర్బర్ట్ కార్టర్ బృందం 1947లో తేల్చింది. పద్దెనిమిది కార్బన్ల గొలుసు, ఒక చివర అమైనో గుంపు, రెండు హైడ్రాక్సిల్ గుంపులు. కణం దీన్ని సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని, పామిటిక్ ఆమ్లాన్ని జతచేయడంతో మొదలుపెడుతుంది. అమైనో గుంపుకు ఇంకో కొవ్వు ఆమ్లం అతుక్కుంటే అది సెరమైడ్. సెరమైడ్ తలకు ఫాస్ఫోకోలిన్ తగిలిస్తే స్ఫింగోమైలిన్, గ్లూకోజ్ తగిలిస్తే గ్లూకోసిల్‌సెరమైడ్. ఆ గ్లూకోజ్ మీద మరిన్ని చక్కెరలు, సియాలిక్ ఆమ్లం పేర్చుకుంటూ పోతే గ్యాంగ్లియోసైడ్లు. మొదటి మెట్టులోనే సెరీన్‌కు బదులు అలనీన్‌ను పట్టుకునే లోపం ఉన్న కుటుంబాలున్నాయి. అలా తయారైన కొవ్వును కరిగించడానికి కణానికి పట్టు చిక్కదు. అది పేరుకుపోయి పాదాల్లో స్పర్శ పోతుంది, నొప్పి తెలియని పుండ్లు పడతాయి. అలాంటివారికి సెరీన్‌ను ఎక్కువ మోతాదులో తినిపించి చూసిన ప్రయోగం 2019లో ఆశాజనకమైన ఫలితాలనిచ్చింది.

స్ఫింగోలిపిడ్లు శరీరంలో ఎక్కడెక్కడ పనిచేస్తాయో చెప్పాలంటే అన్నిచోట్లా అనాలి. నాడుల మీది మైలిన్ తొడుగులో గెలాక్టోసిల్‌సెరమైడ్ ప్రధానమైన భాగం. మన చర్మం పై పొరలో ఉన్న కొవ్వుల్లో బరువును బట్టి చూస్తే దాదాపు సగం సెరమైడ్లే. లోపలి తడి బయటికి పోకుండా ఆపేవి అవే. పేగు గోడ మీద ఉండే జీఎం1 అనే గ్యాంగ్లియోసైడ్‌ను కలరా విషం తలుపుగా వాడుకుంటుంది. ఆ విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కుందేళ్ల పేగుల్లో రుజువు చేశారు. అది అతుక్కునేది జీఎం1కేనని 1970ల్లో తేలింది. విషానికి ఐదు అంచులుంటాయి, ఒక్కో అంచూ ఒక్కో జీఎం1ను పట్టుకుంటుంది. తన పనికోసం కణం పెట్టుకున్న చక్కెర తలను సూక్ష్మజీవి తన పనికి వాడుకోవడం కొత్త కాదు. కాలా అజార్ తెచ్చే లీష్మానియా పరాన్నజీవి మన కణాల్లోకి దూరడానికి కూడా కణత్వచంలోని స్ఫింగోలిపిడ్లు కావాలని హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనలు చూపించాయి.

చాలాకాలం వీటిని కణానికి గోడరాళ్లుగానే చూశారు. ఆ చూపు మారింది 1986లో. డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూసుఫ్ హన్నున్, రాబర్ట్ బెల్ బృందం స్ఫింగోసిన్ ఒక ముఖ్యమైన కైనేజ్ ఎంజైమును అడ్డుకుంటుందని చెప్పింది. సెరమైడ్ పెరిగితే కణం తనను తాను చంపుకునే దారి పడుతుందని 1993లో హన్నున్ ప్రయోగశాలే ప్రకటించింది. అదే స్ఫింగోసిన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలితే వచ్చే స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ చెప్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం: బతుకు, పెరుగు, కదులు. సారా స్పీగెల్ ఈ పదార్థం మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. చావుకూ బతుక్కూ మధ్య ఉన్నది ఒకటి రెండు ఎంజైమ్‌ల పని.

ఈ స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ రక్తంలో ఎక్కువగా, కణజాలాల్లో తక్కువగా ఉంటుంది. లింఫు గ్రంథుల్లోని తెల్లకణాలు ఆ తేడాను పసిగట్టే రక్తంలోకి బయల్దేరతాయి. జపాన్‌లో తెత్సురో ఫుజితా బృందం, పురుగుల మీద పెరిగే ఒక శిలీంధ్రంలోని మైరియోసిన్ అనే పదార్థంతో మొదలుపెట్టి, దాన్ని మార్చి మార్చి ఫింగోలిమాడ్ అనే మందును తయారుచేసింది. శరీరంలోకి వెళ్లాక దానికి కూడా ఫాస్ఫేట్ తగులుతుంది, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ వేషంలో గ్రాహకాల మీద కూర్చుంటుంది, తెల్లకణాలు గ్రంథులు దాటి బయటికి రాలేవు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదరడాన్ని నెమ్మదింపజేసే, నోటితో మింగే మొదటి మందుగా 2010లో అమెరికాలో అనుమతి పొందింది ఇదే.

కట్టే పనిని చెడగొట్టే విషాలు పొలంలోనే ఉన్నాయి. మొక్కజొన్నకు పట్టే ఫ్యూజేరియం బూజు ఫ్యూమోనిసిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దీన్ని 1988లో దక్షిణాఫ్రికాలో వేరుచేశారు. బూజు పట్టిన మొక్కజొన్న తిన్న గుర్రాల మెదడు మెత్తబడి అవి చనిపోవడం రైతులు ఎప్పటినుంచో చూస్తున్నదే. 1991లో కారణం తెలిసింది: ఫ్యూమోనిసిన్ ఆకారంలో స్ఫింగోసిన్‌ను పోలి ఉండి, సెరమైడ్ తయారుచేసే ఎంజైమును ఆపేస్తుంది. ఇది మనకు దూరపు కథ కాదు. 1995లో దక్కన్ పీఠభూమిలో కోతల వేళ వానలకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు బూజు పట్టాయి. వాటితోనే పిండి పట్టించుకుని రొట్టెలు చేసుకు తిన్న ఇళ్లలో కడుపునొప్పి, పేగుల గుడగుడ, విరేచనాలు మొదలయ్యాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో రమేశ్ భట్, ఆయన సహచరులు ఆ గ్రామాలకు వెళ్లి, గింజల్లో ఫ్యూమోనిసిన్‌ను కొలిచి, 1997లో ప్రచురించారు. ఆ తిండి మానగానే జబ్బు తగ్గింది. కానీ బూజు గింజలు ఎవరింట్లో వండుతారో మనందరికీ తెలుసు. మంచి గింజ కొనుక్కోగలిగినవాళ్లు బూజు గింజను ఏరి పారేస్తారు. కొనలేనివాళ్లు కడిగి ఎండబెట్టి దాన్నే వండుకుంటారు.

ఇక్కడే సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లం మళ్లీ కలుస్తుంది. గర్భంలో శిశువు వెన్నుగొట్టం మూసుకోవాలంటే ఫోలేట్ కావాలి. దాన్ని కణంలోకి తీసుకునే ఒక గ్రాహకం స్ఫింగోలిపిడ్లు గుమిగూడిన చోట కణత్వచానికి లంగరు వేసుకుని ఉంటుంది. స్ఫింగోలిపిడ్లు తగ్గితే ఆ గ్రాహకం సరిగా పనిచేయదు. ఎలుకల్లో ఫ్యూమోనిసిన్ ఇస్తే వెన్నుగొట్టం మూసుకోని పిల్లలు పుడతాయి, ఫోలేట్ ఇస్తే ఆ నష్టం కొంత తగ్గుతుంది. 1990, 91 సంవత్సరాల్లో టెక్సాస్ సరిహద్దులో మొక్కజొన్న రొట్టెలు ముఖ్యాహారమైన కుటుంబాల్లో ఇలాంటి పుట్టుకలోపాలు పెరిగినప్పుడు అనుమానం ఫ్యూమోనిసిన్ మీదికే వెళ్లింది. జొన్న, మొక్కజొన్న తినే మన ప్రాంతాల్లో గర్భిణికి ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చి ఊరుకోకూడదు, ఆ ఇంటి గింజ ఎలా నిల్వ ఉందో కూడా చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఇక కరిగించడం తప్పినప్పుడు ఏమవుతుందో చూద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

1882లో పారిస్‌లో ఫిలిప్ గోషే అనే వైద్య విద్యార్థి ఒక స్త్రీ ప్లీహం గురించి పరిశోధన వ్యాసం రాశారు. ప్లీహం విపరీతంగా పెరిగింది, నిండా పెద్ద పెద్ద కణాలున్నాయి. అది కంతి అని ఆయన అనుకున్నారు. ఇలా పెరిగిన ప్లీహాన్నే మన పల్లెల్లో కడుపులో బల్ల అంటారు. గోషే పేరుతోనే పిలిచే ఈ జబ్బున్న పిల్లవాడు ఆస్పత్రికి వచ్చేసరికి పొట్ట ఉబ్బి, ఒళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం కారుతూ, కాలి ఎముకలు పీకుతున్నాయని ఏడుస్తూ ఉంటాడు. మలేరియా పరీక్షలు జరుగుతాయి, క్షయ మందులు వాడిస్తారు, రక్తక్యాన్సర్ అనుమానంతో ఎముక మూలుగ తీస్తారు. చూడటం తెలిసినవారు ఆ మూలుగను సూక్ష్మదర్శిని కింద పెట్టగానే గుర్తుపడతారు: కేంద్రకం ఒక పక్కకు నెట్టుకుపోయి, మిగతా కణమంతా నలిపి విప్పిన పల్చటి కాగితంలా ముడతలు ముడతలుగా కనబడుతుంది.

ఆ ముడతలన్నీ గ్లూకోసిల్‌సెరమైడే. మన ప్లీహంలో, కాలేయంలో, మూలుగలో మాక్రోఫేజ్ కణాలు కాలం తీరిన రక్తకణాలను రోజూ మింగుతాయి. వాటి త్వచాల్లోని స్ఫింగోలిపిడ్లు లైసోజోములకు చేరి ముక్కముక్కగా విడిపోవాలి. లైసోజోములను క్రిస్టియన్ డి డూవ్ 1955లో గుర్తించారు. ఒక్క గ్లూకోజ్‌ను సెరమైడ్ నుంచి తెంపే ఎంజైమ్ లేకపోతే ఆ కొవ్వు అక్కడే నిలిచిపోతుంది. లోపించిన ఎంజైమ్ గ్లూకోసెరెబ్రోసిడేజ్ అని అమెరికాలో రాస్కో బ్రేడీ 1965లో చూపించారు. గోషే రాసిన వ్యాసానికీ ఈ జవాబుకూ మధ్య 83 ఏళ్లు.

ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కత్తెర ఉంది, ఒక్కో కత్తెరకూ ఒక్కో జబ్బు ఉంది. స్ఫింగోమైలిన్ తెగకపోతే నీమన్-పిక్. గ్యాంగ్లియోసైడ్ జీఎం2 తెగకపోతే టే-శాక్స్, శాండాఫ్. టే-శాక్స్ బిడ్డ ఆరు నెలలకు మెడ నిలిపి కూర్చోబోయి, నేర్చుకున్నదాన్ని మెల్లగా మరిచిపోతుంది. కంటి వెనక చెర్రీపండు ఎరుపు మచ్చ కనబడుతుంది. ఫాబ్రీ జబ్బులో చెమట పట్టదు, ఎండలోకి వెళితే అరచేతులూ అరికాళ్లూ మండిపోతాయి, తర్వాత మూత్రపిండాలు పాడవుతాయి. మన ఎండల్లో ఆ పిల్లలు పడే బాధకు చాలాచోట్ల సాకు అన్న పేరే దక్కుతుంది.

సెరమైడ్‌నే విడగొట్టలేకపోతే వచ్చేది ఫార్బర్ జబ్బు. కీళ్లు వాచి, చర్మం కింద గడ్డలు కట్టి, పసిబిడ్డ ఏడుపు బొంగురుపోతుంది. దీన్ని వర్ణించిన సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల పాథాలజీ నిపుణులు. 1948లో రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం ఇచ్చిన అమైనోప్టెరిన్ మందును వాడింది కూడా ఆయనే. ఆ మందు లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావుగారి బృందం తయారుచేసి పంపింది. ఒకే వైద్యుడి చేతిలో భీమవరం బిడ్డ మందు, ఆ వైద్యుడి పేరుతోనే ఒక స్ఫింగోలిపిడ్ జబ్బు. అదే 1948 ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఈ జబ్బులు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే బయటపడతాయి. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో లోపాన్ని మోసే వాహకులే అయినా ఆరోగ్యంగానే ఉంటారు, ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మేనమామ వాహకుడైతే మేనకోడలు కూడా అదే లోపానికి వాహకురాలయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మేనబావా మరదళ్ల మధ్య అది ఎనిమిదింట ఒకటి. బయటి సంబంధంలో ఆ అవకాశం ఎంతో తక్కువ. మేనరికం చేసుకున్న దంపతులను ఆస్పత్రిలో నిలబెట్టి నిందించే అలవాటు మానుకోవాలి. వాళ్లకు కావలసింది లెక్క చెప్పే మనిషి, వాహక పరీక్ష. అష్కెనాజీ యూదుల్లో టే-శాక్స్ వాహకులు సుమారు ముప్పై మందిలో ఒకరు. అమెరికాలో మైకేల్ కబాక్ 1971లో మొదలుపెట్టిన స్వచ్ఛంద పరీక్షల తర్వాత ఆ సమాజంలో ఈ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య తొంభై శాతానికి పైగా తగ్గింది. ఎవరి పెళ్లినీ ఎవరూ నిషేధించలేదు. రక్తంలో ఎంజైమును కొలిచి చెప్పారంతే.

చికిత్స దగ్గరికి వద్దాం. గోషే జబ్బులో లోపించిన ఎంజైమును బ్రేడీ మానవ మావి నుంచి తీసి రోగులకు ఎక్కించి చూశారు. మొదట్లో అది మాక్రోఫేజ్‌లకు చేరలేదు. ఎంజైమ్ మీది చక్కెర గొలుసును కత్తిరించి మ్యానోజ్ బయటపడేలా చేశాకే అవి దాన్ని లోపలికి లాక్కున్నాయి. 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్క రోగికి ఏడాది మందు కోసం వేలకొద్దీ మావులు కావలసివచ్చేది. 1994లో కణాల్లో పెంచిన ఎంజైమ్ వచ్చాక ఆ అవసరం తప్పింది. రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తే ప్లీహం తగ్గుతుంది, రక్తం పెరుగుతుంది, పిల్లవాడు బడికి వెళతాడు. మెదడుకు మాత్రం ఈ ఎంజైమ్ చేరదు.

ధర గురించి మాట్లాడకుండా ఈ ఉపన్యాసం ముగించలేను. పది కిలోల బిడ్డకు కొన్ని అరుదైన జబ్బుల చికిత్స ఏడాదికి పది లక్షల నుంచి కోటి రూపాయలు దాటవచ్చని, అది జీవితాంతం సాగుతుందని, బరువుతో పాటు పెరుగుతుందని 2021 నాటి మన జాతీయ అరుదైన వ్యాధుల విధానమే చెప్పింది. గుర్తించిన కేంద్రాల్లో ఒక్కో రోగికి ఇచ్చే సాయం 2022లో 50 లక్షలకు పెరిగింది. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి అలాంటి కేంద్రం, జన్యు నిర్ధారణకు సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ తోడుంది. ఈ సాయం వచ్చినందుకు సంతోషించాలి. కానీ జీవితాంతం కావలసిన మందుకు హద్దున్న మొత్తం ఇస్తే, ఆ హద్దు దాటిన రోజు బిడ్డ ఏం కావాలి? ఎంజైములు తయారుచేయగల జీవసాంకేతిక నైపుణ్యం హైదరాబాదులో ఉంది. ఈ మందులు ఇక్కడే తయారుకావాలని అడగడం అత్యాశ కాదు.

అరుదైన జబ్బుల కోసం ఇంత ఎందుకని అడిగేవారికి ఒక సంగతి. గోషే రోగుల్లోనూ వారి బంధువుల్లోనూ పార్కిన్సన్స్ ఎక్కువగా ఉందని అమెరికాలో ఎలెన్ సిడ్రాన్‌స్కీ గమనించారు. 2009లో 16 కేంద్రాల నుంచి ఐదువేలకు పైగా పార్కిన్సన్స్ రోగులను పరీక్షిస్తే, మిగతావారితో పోల్చినప్పుడు వారిలో ఆ జన్యులోపం ఉండే అవకాశం ఐదు రెట్లకు పైగా తేలింది. ముసలితనంలో చెయ్యి వణికే జబ్బుకు ఒక ముఖ్యమైన ఆధారం, కడుపులో బల్లతో వచ్చిన పిల్లల దగ్గర దొరికింది.

చివరగా మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ. సల్ఫటైడ్ అనే స్ఫింగోలిపిడ్ కరగక మైలిన్ చెడిపోతుంది. చక్కగా నడిచే రెండేళ్ల బిడ్డ తడబడి, పడిపోయి, మాట పోగొట్టుకుంటుంది. బిడ్డ మూలుగ కణాల్లోకే సరైన జన్యువును చేర్చి తిరిగి ఎక్కించే చికిత్సను మిలాన్‌లో అభివృద్ధి చేశారు. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. అమెరికాలో ధర 42 లక్షల 50 వేల డాలర్లు. ధర ఒక అడ్డంకి, కాలం ఇంకో అడ్డంకి. చిన్నతనంలో వచ్చే రకంలో లక్షణాలు మొదలుకాక ముందే ఇస్తేనే ఇది బాగా పనిచేస్తుంది. అందుకే ఇప్పటిదాకా దీన్ని పొందిన పిల్లల్లో చాలామంది, అదే జబ్బుతో అక్కో అన్నో మంచానపడ్డాక పరీక్షించిన చిన్నవాళ్లు. పెద్దబిడ్డకు జబ్బు పేరు మాత్రం దొరుకుతుంది, రెండో బిడ్డకు మందు దొరుకుతుంది. ఈ పరిస్థితి మారాలంటే పుట్టిన ప్రతి శిశువు మడమ నుంచి ఒక రక్తపుచుక్క తీసి, కాగితం మీద ఆరబెట్టి, అందులో సల్ఫటైడ్ ఎంతుందో చూడాలి. ఎక్కువుంటే అదే చుక్కలో ఎంజైమును కొలవాలి. ఆ కొలత ఇప్పుడు సాధ్యమే. కొన్ని దేశాల్లో మొదలైంది కూడా.